అమ్మా, డబ్బు పంపించు!



ఇంటికొక కబురు వస్తుంది. పాత రోజుల్లో అయితే ఓ కార్డు ముక్కో, టెలిగ్రామో. మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రాం కాస్తా మూతపడింది కనక ఇప్పుడు ఫోన్లోనే నాలుగు ముక్కలు వస్తాయి. "పిన్నీ, నేను. పర్సు పోయింది, ఫోను కూడా పోయింది, ఇది ఇంకొకరి నెంబరు. ఓ పదివేలు అర్జంటుగా పంపించు. బాబాయికి చెప్పకు, కంగారు పడతాడు." చదవగానే మన గుండె దడదడలాడుతుంది. పంపకపోతే పిల్లాడు ఏమైపోతాడో అని ఒక భయం. పంపాక, వాడు వాడు కాదని తేలితే? అని ఇంకో భయం. మొదటి భయాన్ని పదిమందికీ చెప్పుకుంటాం. రెండోది మాత్రం పైకి అనడానికి నోరు రాదు. "సొంత అక్క కొడుకుని అనుమానిస్తావుటే?" అని ఎవరైనా అంటారేమో అని మన బెదురు. అంచేత నోరు మూసుకుని పోపులపెట్టెలో దాచిన డబ్బు తీసి పంపేస్తాం.

ఇది ఫోన్లతో పుట్టిన జబ్బు కాదు. నూట అరవై ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక గొప్పింటి ఇల్లాలికి సరిగ్గా ఇలాంటి ఉత్తరమే వచ్చింది. "అమ్మా, నేను బతికే ఉన్నాను, డబ్బు పంపించు" అని. ఆ ఉత్తరం వెనకాల నడిచిన కథ ఎనిమిదేళ్ళు ఆ దేశాన్ని కుదిపేసింది. ఆ కథే ఇవాళ మీతో కాస్త తీరిగ్గా చెప్పుకుందామని.

హాంప్‌షైర్ అనే జిల్లాలో టిచ్‌బోర్న్ అని ఒక పాత జమీందారీ కుటుంబం. ఏడాదికి 20 వేల పౌన్ల పైచిలుకు రాబడి. ఆ ఇంటి కోడలు హెన్రియెట్ ఫెలిసిటే. పేరులోనే తెలుస్తోందిగా, ఆవిడ ఫ్రాన్సులో పెరిగిన మనిషి. ఇంగ్లండన్నా, అత్తింటివారన్నా ఆవిడకి అంతంతమాత్రం. అంచేత పెద్దకొడుకు రోజర్‌ని పారిస్‌లోనే పెంచింది. 1829లో పుట్టిన ఆ పిల్లవాడు పదహారేళ్ళు వచ్చేదాకా ఫ్రెంచిలోనే మాట్లాడాడు, ఫ్రెంచిలోనే కలలు కన్నాడు. తరవాత తండ్రి ఇంగ్లండుకి తీసుకువచ్చి స్టోనీహర్స్ట్ అనే బడిలో వేస్తే, అతని ఇంగ్లీషులో ఫ్రెంచి యాస పోనే లేదు. సన్నగా, పొడుగ్గా, కోలమొహంతో ఉండేవాడు. ఈ యాస సంగతీ, ఈ సన్నదనం సంగతీ మీరు కాస్త గుర్తుంచుకోండి.

పెద్దవాడై కొన్నాళ్ళు సైన్యంలో పనిచేశాడు. పెదనాన్న కూతురు కాథరిన్‌ని ప్రేమించాడు. మనకైతే పెదనాన్న కూతురంటే చెల్లెలే, ఆ ఊసే ఎత్తం. వాళ్ళకి ఆ వరస పట్టింపు మనకున్నట్టు లేదు గానీ, పెద్దవాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. మనసు విరిగి రోజర్ 1853లో దక్షిణ అమెరికా వెళ్ళిపోయాడు. ఏడాది తిరిగి, 1854 ఏప్రిల్ 20న రియో డి జెనీరో రేవులో 'బెల్లా' అనే ఓడ ఎక్కాడు. నాలుగు రోజుల తరవాత సముద్రం మీద బోర్లా తిరగబడి తేలుతున్న ఒక పడవ కనిపించింది. దాని మీద 'బెల్లా' అని పేరు. అంతే. ఓడా లేదు, మనుషులూ లేరు.

తండ్రి కొడుకు పోయాడని ఒప్పుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. శవం చూడని చావుని ఏ తల్లి ఒప్పుకుంటుంది చెప్పండి? ఎవరో సోదె చెప్పే ఆవిడ కూడా "నీ కొడుకు బతికే ఉన్నాడు" అందిట. 1862లో భర్త పోయాక ఇంక ఆవిడకి అడ్డు చెప్పేవాళ్ళు లేకపోయారు. 1863 నుంచీ లండన్ 'టైమ్స్' పత్రికలో ప్రకటనలు వెయ్యడం మొదలుపెట్టింది. 1865లో ఆస్ట్రేలియా పత్రికల్లో కూడా వేయించింది.

ఆ ప్రకటనలో ఏముందో చూడండి. ఫలానా రోజర్ చార్లెస్ టిచ్‌బోర్న్, ఫలానా రోజున, ఫలానా రేవునుంచి, ఫలానా ఓడ ఎక్కాడు. తండ్రి ఫలానా జమీందారు, ఇప్పుడు లేడు. ఆస్తికంతా ఇతనే వారసుడు. సుకుమారమైన ఒళ్ళు, కొంచెం పొడగరి, లేత గోధుమరంగు జుట్టు, నీలికళ్ళు. ఓడలోవాళ్ళని కొంతమందిని ఆస్ట్రేలియా పోయే ఇంకో ఓడ రక్షించిందని వినికిడి. ఆచూకీ చెప్పినవారికి మంచి బహుమానం. ఇంకేం కావాలి? కథంతా తల్లే రాసి పెట్టింది. రావలసిన మనిషి వచ్చి అందులో కూచోవడమే తరవాయి.

నన్నడిగితే ఈ వ్యవహారమంతటికీ కీలకం ఇక్కడే ఉంది. మోసం చేసేవాడికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. మన ఆదుర్దాలో మనమే అన్నీ అందిస్తాం. "ఎవరూ, రవేనా? గొంతేమిటిరా అలా ఉంది, జలుబు చేసిందా? హైదరాబాదు వెళ్ళావని అమ్మ చెప్పిందిలే" అని మనమే అంటాం. అవతలివాడు చెయ్యవలసిందల్లా "అవును పిన్నీ" అనడమే. పేరు మనదే, ఊరు మనదే, జలుబూ మనదే!

సరే, కథలోకి వద్దాం. ఆస్ట్రేలియాలో వాగా వాగా అని ఒక ఊరు. అందులో థామస్ కాస్ట్రో అనే పేరుతో ఒకడు మాంసం కొట్టు నడిపి, అప్పులపాలై, దివాలా తీశాడు. దివాలా కాయితాలు చూసే గిబ్స్ అనే లాయరుతో, "నాకు ఇంగ్లండులో ఆస్తి ఉంది, అది కూడా చెప్పాలా?" అన్నాట్ట. ఓడ మునిగిన సంగతి కూడా ఏదో అన్నాడు. అతని పొగాకు గొట్టం మీద ఆర్.సి.టి. అనే అక్షరాలు చెక్కి ఉన్నాయి. లాయరుగారికి ప్రకటన గుర్తొచ్చింది. "నువ్వేనా ఆ జమీందారు బిడ్డవి?" అన్నాడు. వాడు కాసేపు కాదన్నాడు, కాసేపు మాట తప్పించాడు, చివరికి అవునన్నాడు.

1866 జనవరిలో తల్లికి ఉత్తరం వెళ్ళింది. ఇన్నాళ్ళూ రాయనందుకు క్షమించమనీ, తిరిగి రావడానికి డబ్బు కావాలనీ. గుర్తులుగా రెండు సంగతులు రాశాడు. ఒంటి మీద ఫలానా చోట గోధుమరంగు మచ్చ, బ్రైటన్ అనే ఊళ్ళో జరిగిన ఏదో పేకాట గొడవ. తల్లికి ఆ మచ్చా తెలియదు, ఆ గొడవా తెలియదు. కొడుకు ఒంటి మీద మచ్చ తల్లికి తెలియకపోవడం ఎక్కడైనా ఉంటుందా? పైగా ఇంగ్లీషు అంతా తప్పుల తడక.

ఇంకో విచిత్రం వినండి. అదే రోజుల్లో ఈ మనిషి లాయరు దగ్గర వీలునామా రాయించాడు. అందులో తన తల్లి పేరు 'హానా ఫ్రాన్సెస్' అని రాయించాడు! ఆవిడ పేరు హెన్రియెట్ ఫెలిసిటే అని ఇందాకే చెప్పాను. ప్రకటనలో తండ్రి పేరుంది, ఓడ పేరుంది, రేవు పేరుంది. తల్లి పేరు లేదు. అది లేనిచోట వాడు జారిపడ్డాడు.

తల్లి మరి ఏమంది? తన అయినవాళ్ళు వద్దంటున్నా, లాయరుకి జవాబు రాసింది. పాపం నా రోజర్ అన్నీ కలలోలాగా కలగాపులగం చేసుకుంటున్నాడనీ, అతను చెప్పేదీ తను చెప్పేదీ కలవకపోయినా అతను తన కొడుకేననీ. ఈ మాట చదివినప్పుడు నవ్వూ రాదు, కోపమూ రాదు. పన్నెండేళ్ళు దీపం వెలిగించుకుని కూచున్న మనిషి ఆవిడ. తలుపు చప్పుడైతే గాలి అని ఎలా అనుకుంటుంది?

ఈలోగా కాస్ట్రోగారు సిడ్నీ పట్నం చేరి, నేనే టిచ్‌బోర్న్‌నని ప్రమాణపత్రం రాసిచ్చి, బ్యాంకుల దగ్గర అప్పులు చెయ్యడం మొదలుపెట్టాడు. అక్కడ టిచ్‌బోర్న్‌వారి ఇంట్లో ఒకప్పుడు పనిచేసిన మనుషులు ఇద్దరు తగిలారు. ఒకరు గిల్‌ఫాయిల్ అనే తోటమాలి. ఆయన మొదట చూసి "అవును, మా చినదొరే" అన్నాడు. ఇంగ్లండు వెళ్ళడానికి కాస్త డబ్బు సర్దమని దొరగారు అడిగేసరికి మాత్రం, "అబ్బే, కాదేమో" అనేశాడు! చరిత్రలో ఈ తోటమాలి గురించి ఒకటి రెండు వాక్యాలకి మించి ఉండవు గానీ, నాకు ఆయన మీద మహా గౌరవం. మనలోనూ అంతేగా? మాటసాయం వరకూ అందరూ చుట్టాలే. పైకం అడిగినప్పుడే మనిషిని పరకాయించి చూస్తాం. అలా చూడ్డం పిసినారితనమని మనమీద నింద కూడా వేస్తారు. కాని ఆ క్షణంలోనే కదా మనకి మొదటిసారి నిజంగా కళ్ళు తెరుచుకునేది!

రెండో మనిషి బోగిల్. జమైకాలో పుట్టిన నల్లజాతి ముసలాయన, రోజర్ పెదనాన్న దగ్గర ఎన్నో ఏళ్ళు సేవకుడుగా ఉన్నాడు. ఆయన మొదట తటపటాయించాడు. సన్నగా రివటలా ఉండే రోజర్ ఎక్కడ, 86 కిలోల ఈ మనిషి ఎక్కడ? అయినా ఒప్పుకున్నాడు, చచ్చేదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు. ఆయన అబద్ధం ఆడాడని నేననుకోను. నమ్మాడు, అంతే. కాని ఓడ ప్రయాణంలో రోజుల తరబడి ఆ ముసలాయనతో కబుర్లాడితే ఆ ఇంటి ముచ్చట్లు ఎన్ని తెలిసి ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఇంగ్లండునుంచి డబ్బు రానే వచ్చింది. 1866 సెప్టెంబరు 2న భార్యాబిడ్డలతో మొదటి తరగతిలో బయల్దేరి, క్రిస్మస్ నాటికి లండన్ చేరాడు. పుష్కరకాలం తరవాత తల్లిని చూడబోయే కొడుకు ఏం చెయ్యాలి? ఈయన అదే రోజు సాయంత్రం వాపింగ్ అనే బీదపేటకి వెళ్ళి, అక్కడ ఆర్టన్ అనే మాంసం కొట్టువాళ్ళ కుటుంబం ఏమైందని వాకబు చేశాడు. ఈ చిన్న పనే తరవాత అతని మెడకి ఉచ్చయింది.

తల్లి అప్పుడు పారిస్‌లో ఉంది. జనవరి 11న ఆవిడ అతను దిగిన హోటలుకి వెళ్ళింది. ఒంట్లో బాగులేదని చీకటి గదిలో, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆవిడ వంగి ముద్దు పెట్టుకుని, చెవులు వాళ్ళ బాబాయి చెవుల్లాగే ఉన్నాయంది. నా కొడుకే అంది. అయిపోయింది. అతనికి ఒక్క ముక్క ఫ్రెంచి రాదు. పదహారేళ్ళు మాట్లాడిన భాష! మరిచిపోయాట్ట. చిన్నప్పుడు రోజర్‌కి పాఠాలు చెప్పిన పంతులుగారు వచ్చి చూసి, వీడు దొంగ అని మొహంమీదే చెప్పాడు. తల్లి వినలేదు. ఏడాదికి వెయ్యి పౌన్లు భరణం ఏర్పాటు చేసింది. రోజర్ దక్షిణ అమెరికానుంచి రాసిన ఉత్తరాలు కూడా ఇచ్చేసింది. వాడికి తెలియని కాస్తా ఆ ఉత్తరాలే నేర్పాయి.

1868 మార్చిలో ఆవిడ కన్నుమూసింది. ఆవిడ ఒక్కతే మోసపోయి ఉంటే, పోనీ, ఆఖరి రోజుల్లో కొడుకుని చూసుకున్నానన్న తృప్తితో పోయింది, ఎవరికి నష్టం అనుకుందుము. కాని ఆస్తికి అప్పటికి నిజమైన వారసుడు ఒక పసివాడు. రోజర్ తమ్ముడు ఆల్‌ఫ్రెడ్ 1866లో పోతే, తండ్రి పోయాక పుట్టిన బిడ్డ. సొంత నాయనమ్మ ప్రమాణం చేసి రాసిచ్చిన కాయితంతో ఆ పసివాడి మీద దావా నడిచింది. దాన్ని ఎదుర్కోవడానికి ఎస్టేటు నుంచి తొంభై వేల పౌన్ల దాకా ఖర్చయింది. దావా వేసినవాడికి డబ్బెక్కడిది అంటారా? నెగ్గాక తిరిగి ఇస్తానని పత్రాలు అచ్చేసి అమ్మితే జనం ఎగబడి కొన్నారు. సుమారు 40 వేల పౌన్లు పోగయ్యాయి. కోర్టు మెట్లెక్కేనాటికి మనిషి బరువు 170 కిలోలు.

అన్నిటికంటే దారుణం కాథరిన్‌కి జరిగింది. రోజర్ వెళ్ళిపోయేముందు తన ఎస్టేటు చూసే గాస్‌ఫర్డ్ అనే స్నేహితుడి చేతికి సీలు వేసిన ఒక కవరు ఇచ్చి వెళ్ళాడు. అందులో ఏముందో చెప్పమంటే ఈ మనిషికి తెలియలేదు. తెలియదని ఊరుకోక, కాథరిన్ పెళ్ళికిముందే తప్పటడుగు వేసిందని అర్థం వచ్చేట్టు నిండు కోర్టులో కథ అల్లి చెప్పాడు. ఆవిడ అప్పటికి పెళ్ళయి, పిల్లల తల్లి. ఆవిడ కోర్టుకి వచ్చి, రోజర్ స్వహస్తంతో రాసిన కాయితం చూపించింది. మన పెళ్ళి జరిగితే ఊళ్ళో మేరీమాతకి గుడి కట్టిస్తానన్న మొక్కు అది. మోసగాడికి ఇంట్లో చోటిస్తే పైకం ఒక్కటే పోతుందనుకోకండి, ఇంటి ఆడపిల్ల పేరు బజారున పడింది.

సివిలు దావా 1871 మే నుంచి 1872 మార్చి దాకా 102 రోజులు నడిచింది. రోజర్‌తో చదువుకున్న ఒకాయన, తానే రోజర్ చేతి మీద పచ్చబొట్టు పొడిచానని సాక్ష్యం చెప్పాడు. ఈ మనిషి చెయ్యి చూస్తే నున్నగా ఉంది. దాంతో దావా కూలిపోయింది. అబద్ధపు ప్రమాణం చేశాడని 1873లో క్రిమినలు కేసు పెట్టారు. అది 188 రోజులు. వాపింగ్‌లో మాంసం కొట్టు పెట్టుకున్న ఆర్టన్‌గారి అబ్బాయి ఆర్థర్ ఆర్టనే ఇతనని జ్యూరీ తేల్చింది. 1874 ఫిబ్రవరి 28న 14 ఏళ్ళ కఠినశిక్ష పడింది. 1884లో విడుదలై, 1898లో కటిక దరిద్రంలో చచ్చిపోయాడు. బీదాబిక్కీ జనం మాత్రం అతన్ని చివరిదాకా రాజుగారి బిడ్డే అని నమ్మారు. గొప్పవాళ్ళంతా ఏకమై సొంత రక్తాన్ని తొక్కేశారని వాళ్ళ కోపం. ఆ కోపానికీ కారణాలు లేకపోలేదు గానీ, అది వేరే కథ.

తల్లి కనక మోసపోయింది, భార్య అయితే పసిగట్టేది అంటారేమో. దానికీ ఒక పాత కేసుంది. ఫ్రాన్సులో ఆర్తిగా అనే పల్లెలో మార్టిన్ గేర్ అనే రైతు 1548లో ఇల్లు విడిచిపోయాడు. ఎనిమిదేళ్ళకి ఒకడు వచ్చి నేనే మార్టిన్ అన్నాడు. నలుగురు అక్కచెల్లెళ్ళు అవునన్నారు, భార్య బెర్త్రాండ్ అవునంది, మూడేళ్ళు కాపరం చేసింది. ఎప్పుడు బయటపడిందో తెలుసా? నేను లేనన్నాళ్ళూ మా నాన్న భూముల మీద వచ్చిన అయివేజుకి లెక్కలు చెప్పు అని బాబాయిని నిలదీసినప్పుడు! అంతవరకూ "మా అబ్బాయే" అన్న బాబాయికి అప్పుడు అనుమానం వచ్చింది. మళ్ళీ మన తోటమాలి కథే. చెప్పులు కుట్టేవాడు వచ్చి, పాత మార్టిన్ పాదం పెద్దది, ఈ మనిషి పాదం చిన్నది అన్నాడు. మార్టిన్ పుట్టిల్లు బాస్క్ భాష మాట్లాడే కుటుంబం, ఇతనికి ఆ భాష సరిగ్గా రాదు. అయినా 1560లో తూలూజ్ కోర్టు ఇతని పక్షానే మొగ్గుతూండగా, కర్రకాలుతో టకటకమని అసలు మార్టిన్ కోర్టులోకి నడిచివచ్చాడు. దొంగ మార్టిన్‌ని ఆ ఇంటి ముందే ఉరితీశారు. బెర్త్రాండ్‌కి ముందే తెలుసనీ, తెలిసీ ఊరుకుందనీ నటాలీ డేవిస్ అనే చరిత్రకారిణి 1983లో అచ్చయిన పుస్తకంలో వాదించింది. మొగుడు వదిలేసిపోయిన పిల్ల, ఆదరంగా చూసే మనిషి దొరికితే ఎందుకు కాదంటుంది? అది నిజమో కాదో గాని, ఆడది రాసిన మీదటే ఆ ఆలోచన పదిమందికీ వచ్చింది.

ఇన్ని విన్నాక, ఇంక ఎవరొచ్చినా తలుపు వేసెయ్యడమే అంటారా? ఆగండి. మన దేశంలో జరిగిన భవాల్ కేసు వినకుండా ఆ నిర్ణయానికి రాకండి.

ఢాకా దగ్గర భవాల్ జమీందారీ. ముగ్గురన్నదమ్ముల్లో నడిమివాడు రమేంద్ర నారాయణ్ రాయ్. 1909 మే నెలలో డార్జిలింగులో జబ్బుపడి చనిపోయాడన్నారు, దహనమూ అయిందన్నారు. భార్య విభావతీదేవి ఇరవై ఏళ్ళయినా నిండని పిల్ల. పన్నెండేళ్ళకి ఢాకా నది ఒడ్డున ఒళ్ళంతా విభూతి పూసుకుని ఒక సన్యాసి వచ్చి కూచున్నాడు. నడిమి రాజావారి పోలికలున్నాయని ఊరంతా గుప్పుమంది. అక్కగారు జ్యోతిర్మయీదేవి ఇంటికి పిలిపించి భోజనం పెట్టింది. తినే తీరు కనిపెట్టి చూసింది, పాదాల మీద పొలుసుల్లాంటి గరుకు చర్మం చూసింది. ఆవిడ చూడండి, చీకటి గదిలో గోడవైపు తిరిగినవాణ్ణి కౌగిలించుకోలేదు. పదిమందిలో ప్రశ్నలు వేశారు. నీకు పాలిచ్చి పెంచిన దాది పేరేమిటి? "అలోక" అన్నాడు. ఆ పేరు ఏ ప్రకటనలోనూ లేదు.

ఇతనికీ మాతృభాష సరిగ్గా రాలేదు, హిందీ కలిపి మాట్లాడేవాడు. అక్కడ రోజర్ ఫ్రెంచి, ఇక్కడ ఈయన బెంగాలీ. అదే లోపం! భార్య విభావతి మాత్రం ససేమిరా అంది. ఇతను నా భర్త కాడు అని కోర్టులో ప్రమాణం చేసి చెప్పింది. ఆవిడ అన్నగారు అప్పటికే చెల్లెలి భర్త బీమా డబ్బు 30 వేల రూపాయలు వసూలు చేసి ఉన్నాడు. ప్రభుత్వంవారు కూడా ఇతను దొంగ అని చాటింపు వేశారు.

1930లో దావా పడింది. జడ్జి పన్నాలాల్ బోసుగారు వెయ్యిమంది పైచిలుకు సాక్షుల్ని విన్నారు. ఒంటి మీద మచ్చలూ, గాయాలూ, డార్జిలింగులో దహనం ఏ వేళ జరిగిందీ, ఆ రాత్రి గాలివాన వచ్చిందా రాలేదా, ఒక్కొక్కటీ విప్పి చూశారు. 1936 ఆగస్టు 24న, ఈ సన్యాసే నడిమి కుమారుడని తీర్పు చెప్పారు. 1940లో హైకోర్టులోనూ, 1946 జూలై 30న లండన్ ప్రీవీ కౌన్సిల్లోనూ అదే నిలబడింది.

మరి భాష సంగతి? ఫ్రెంచి మరిచిపోయాడంటే నమ్మని లోకం బెంగాలీ మరిచిపోయాడంటే ఎలా నమ్మింది? ఒకచోట ఆ ఒక్క లోపమూ మిగతా వంద లోపాలతో కలిసింది. తల్లి పేరు తప్పు, మచ్చ తప్పు, పచ్చబొట్టు లేదు, కవరులో ఏముందో తెలియదు. రెండోచోట ఒంటి గుర్తులు కలిశాయి, దాది పేరు కలిసింది, సన్యాసుల గుంపులో పన్నెండేళ్ళు తిరిగినవాడి నాలిక ఎందుకు మారిందో సమాధానం ఉంది. అడిగినవాళ్ళూ వేరే. ఒక ఇంట్లో అడగవలసిన మనిషే కళ్ళనీళ్ళతో కూచుంది. ఇంకో ఇంట్లో అక్కగారు అన్నం పెడుతూనే అడిగింది. అన్నం పెట్టడం మానలేదు, అడగడమూ మానలేదు.

అందుకే ఫోన్లో "పిన్నీ" అని వినిపించినప్పుడు నేనైతే వెంటనే పేరు అందించను. "ఎవరూ?" అని ఊరుకుంటాను. తరవాత ఫోను పెట్టేసి, వాడి పాత నెంబరుకే మళ్ళీ చేస్తాను. వాళ్ళమ్మకీ చేస్తాను. చెప్పకు అన్నవాళ్ళకే ముందు చెప్పాలి. గొంతుని అచ్చం మనవాళ్ళ గొంతులాగే పలికించే యంత్రాలు ఇప్పుడు వచ్చేశాయి కనక గొంతుని బట్టి పోల్చుకోవడం చెల్లదు. మీ నాయనమ్మ నిన్ను ముద్దుగా ఏమని పిలిచేదిరా, కిందటి సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఏం విరగ్గొట్టావురా అని అడగండి. మనవాడైతే నవ్వుతాడు. మహా అయితే విసుక్కుంటాడు. నిజంగా కష్టంలో ఉన్న పిల్లాడికి ఆ అయిదు నిమిషాల ఆలస్యం వల్ల వచ్చే నష్టం సాధారణంగా ఉండదు, ఆ అయిదు నిమిషాలూ వద్దని తొందరపెట్టేది అవతలివాడే.

భవాల్ కథలో ఒక్క ముక్క మిగిలిపోయింది. ప్రీవీ కౌన్సిల్ తీర్పు మర్నాడు టెలిగ్రాంలో కలకత్తా చేరింది. ఆ సాయంత్రమే ఆయన దేవుడికి దణ్ణం పెట్టుకోవడానికి వెళ్ళి అక్కడే పక్షవాతం వచ్చి పడిపోయాడు, రెండు రోజులకి పోయాడు. మూడు కోర్టులూ భర్త అని తేల్చిన ఆ మనిషి చావుని, విభావతీదేవి మాత్రం మోసగాడికి దేవుడు వేసిన శిక్షగానే భావించింది.